కిడ్నీకి నీరు చేరిన బిడ్డకు కోత ఇప్పుడేనా, ఆగి చూడాలా?

మా అక్కకు ఐదో నెల స్కాన్‌లోనే చెప్పారు, లోపలి బిడ్డకు ఎడమ కిడ్నీ వాచిందని. పుట్టిన మర్నాడే కర్నూలులో ఒక చోట మళ్లీ స్కాన్ తీయిస్తే ‘నార్మల్’ అని రాసిచ్చారు. తొందరపడ్డాం. మొదటి రెండు రోజులు పసిబిడ్డకు ఒంటేలే తక్కువ, ఉన్న వాపు కూడా సరిగా కనబడదు. ఆరో వారంలో చూస్తే వాపు 18 మిల్లీమీటర్లు. కిడ్నీ నుంచి ఒంటేలు కిందికి దిగే నాళం మొదలయ్యే చోట ఇరుకైపోయింది.

అక్కడ మొదలైంది పంచాయితీ. “ఒంటికి బాగానే పోస్తాండాడు కదా, పసిగుడ్డుకు కోత యాల?” అని వాళ్ల జేజి. వెంటనే చేయించేద్దామని బావ.

జేజి మాటలో నిజం లేకపోలేదు. కడుపులో ఉండగా కనబడే వాపుల్లో ఎక్కువ భాగం వాటంతటవే తగ్గిపోతాయి. కానీ ఒంటికి పోస్తున్నాడన్నది లెక్కలోకి రాదు, ఆ పని రెండో కిడ్నీ ఒక్కటే చేసిపెడుతుంది. వాపు ఎంతన్నది కూడా సగం మాటే. అసలు తేల్చేది రెనోగ్రామ్. చేతికి సూది పెట్టి మందు ఎక్కిస్తారు, మధ్యలో ఒంటేలు ఎక్కువ వచ్చేలా లాసిక్స్ అనే మందు ఇస్తారు, ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో, నీరు దిగుతోందో లేదో కెమెరాలో చూస్తారు. అరగంట పైనే కదలకుండా ఉండాలి. మావాడిని గుడ్డలో బిగించి చుట్టి, పాలు పట్టి నిద్రపుచ్చితే గానీ కాలేదు.

మొదటిసారి రెండు కిడ్నీలూ కలిసి చేసే పనిలో ఎడమదాని వాటా 46 శాతం, అంటే దాదాపు సగం. అలాంటప్పుడు ఆగడమే మేలు, మేమూ ఆగాం. అయితే ఆగడమంటే మూడు నెలలకోసారి స్కాన్, జ్వరం వస్తే అదే రోజు ఒంటేలు పరీక్ష. ఆరు నెలల తర్వాత 37 వచ్చింది. 40 కంటే తగ్గినా, ముందటి దానికంటే బాగా పడిపోయినా ఇక ఆగకూడదని పిల్లల సర్జన్ తేల్చేశారు. జేజి కూడా నోరెత్తలేదు.

ఇరుకు ముక్క కోసేసి మళ్లీ కలిపి కుట్టడమే పైలోప్లాస్టీ. నూటికి తొంభైకి పైగా ఫలిస్తుంది. ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసేది) అయితేనే గొప్ప అనుకున్నాం గానీ, ఏడాది లోపు బిడ్డకు పక్కన చిన్న కోతతో చేసినా ఫలితం అంతే. పెద్ద పిల్లలకు ల్యాపరోస్కోపీలో నొప్పి తక్కువ. ఎన్టీఆర్ వైద్య సేవ కింద అవుతుందా అని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఇదంతా ఒక కిడ్నీ సంగతి. మగబిడ్డకు రెండు కిడ్నీలూ వాచి, ధార చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఆగి చూడడమన్న మాటే లేదు. మూత్రం బయటికొచ్చే దారిలో అడ్డుపొరలు ఉండొచ్చు. ముందు ఒంటేలు బయటికి పోయేలా కాథెటర్ అనే ట్యూబు వేసి, బిడ్డ నిలకడగా ఉన్నాక కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి ఆ పొరలు కోసేస్తారు. గొట్టం పట్టనంత చిన్న బిడ్డయితే బొడ్డు కింద ఒంటేలు పోవడానికి తాత్కాలికంగా దారి పెడతారు.

మావాడికి ఆపరేషన్‌లో, కుట్టిన చోట ఒంటేలు సాఫీగా దిగేలా లోపల స్టెంట్ అనే సన్నటి ట్యూబు పెట్టారు. ఆరు వారాలకు మళ్లీ మత్తిచ్చి తీయాలి, మరిచిపోతే రాళ్లు కడతాయి. ఆ తేదీ సరిగ్గా ఉగాది పక్కన పడింది. పండగ అయినాక పోదామంది జేజి. అక్క వినలేదు.