కుక్క తగిలితే నమాజు: హనఫీ మాట, షాఫయీ మాట

తెల్లారగట్ట ఫజర్ నమాజుకి వెళ్తుంటే, విజయనగరం బాబామెట్టలో రోజూ కనబడే ఎర్రకుక్క తోకూపుకుంటూ వచ్చి మా ఇద్దరి పైజామాలకీ ఒళ్ళు రాసింది. పక్కనున్న కేరళ స్నేహితుడు ఠక్కున ఆగిపోయాడు. అతనిది షాఫయీ మజహబ్ (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయం), మాది హనఫీ.

మా లెక్కలో కుక్క చొంగ నజిస్, అంటే అపవిత్రం; ఒళ్ళూ వెంట్రుకలూ కావు. చొంగ అంటిన చోటు కడుక్కోవాలి. గిన్నె నాకితే మూడుసార్లు కడిగినా చాలు, ఏడుసార్లయితే మేలు. షాఫయీలకి కుక్క మొత్తం నజిసే. రెండువైపులా పొడిగా ఉంటే ఏమీ అంటదు గానీ, తడి తగిలితే ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్ళతో. కుక్క నాకిన గిన్నె గురించి సహీ ముస్లిం అనే సంకలనంలో ఉన్న హదీసే (ప్రవక్త మాటే) దీనికి ఆధారం.

ఆరోజు మంచుకి కుక్క ఒళ్ళంతా తడి. అతను వెనక్కెళ్ళి బట్ట మార్చుకొచ్చాడు. నేను పైజామా అంచు వేళ్ళతో తడిమి, చొంగ లేదని చూసుకుని సఫ్‌లో (నమాజు వరుసలో) నిలబడ్డాను. కుక్క తగిలితే వజూ (నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే శుద్ధి) పోతుందని మనలో చాలామంది భయపడతారు. రెండు మజహబ్‌లలోనూ పోదు, అంటినది కడుక్కుంటే సరి.

వీధికి పది కుక్కలుండే మన ఊళ్ళకి హనఫీ దారే నాకు సులువనిపిస్తుంది. అతని జాగ్రత్త మీదా నాకు గౌరవమే. ఆ కుక్కని అదిలించి రాయి విసిరితే మాత్రం ఊరుకోను. దప్పికతో ఉన్న కుక్కకి తన తోలు మేజోడుతో నీళ్ళు తోడి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని బుఖారీ సంకలనంలోని హదీసు. మా గుమ్మం పక్కన మట్టి మూకుడులో రోజూ నీళ్ళు పోస్తున్నాం.