డ్యూటీల మధ్య థీసిస్ రాసేవాళ్లకు జొటేరో

వైద్య పీజీ రెసిడెన్సీలో పరిశోధనకు అరగంటలు, పావుగంటలే మిగులుతాయి. అవి రిఫరెన్సుల నంబర్లు దిద్దడానికే పోకుండా చూసే ఉచిత సాఫ్ట్‌వేర్ జొటేరో.

పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైట్) పేపర్ తెరిచి, బ్రౌజర్‌లో చేర్చుకున్న జొటేరో కనెక్టర్ బటన్ నొక్కితే వివరాలన్నీ జొటేరో లైబ్రరీలో చేరతాయి. పేపర్‌ను గుర్తించే నంబర్లయిన పీఎంఐడీ (పబ్‌మెడ్ ఇచ్చేది) గానీ డీఓఐ గానీ ఉన్నా చాలు, జొటేరోలో మంత్రదండం బొమ్మ దగ్గర అతికించండి. స్కాన్ చేసిన పాత పీడీఎఫ్‌లతోనే తంటా. వాటిలో చదవదగ్గ టెక్స్ట్ ఉండదు కాబట్టి వివరాలు చాలాసార్లు చేత్తో నింపాల్సిందే.

అసలు లాభం వర్డ్ ప్లగిన్‌లో ఉంది. రిఫరెన్సులకు వరుస నంబర్లిచ్చే వాంకూవర్ శైలి ఎంచుకుంటే, పేరా ఎటు జరిపినా నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి. చేత్తో మాత్రం దిద్దకండి, రిఫ్రెష్ చేస్తే ఆ మార్పు పోవచ్చు. ఫైల్‌లోని రిఫరెన్సులకు జొటేరోతో లింకు తెంచే ‘అన్‌లింక్ సైటేషన్స్’ ఎప్పుడూ కాపీ మీదే చేయాలి. ఒకసారి తెగితే ఆ ఫైల్‌లో మళ్లీ ఏదీ అప్‌డేట్ కాదు. ఒకే పేపర్ రెండుసార్లు చేరితే ఒకటి డిలీట్ చేయొద్దు, రెండింటినీ కలిపేయండి (మెర్జ్). లేదంటే జాబితాలో అదే పేపర్‌కు రెండు నంబర్లు పడతాయి (పరీక్షకుల కళ్లు ముందు పడేది అక్కడే!).

ప్రచురించాక జర్నల్ వెనక్కి తీసుకున్న (రిట్రాక్టెడ్) పేపర్ లైబ్రరీలో ఉంటే జొటేరో హెచ్చరిస్తుంది కూడా.

జొటేరో ఆన్‌లైన్‌లో ఇచ్చే ఉచిత నిల్వ 300 ఎంబీ మాత్రమే, పీడీఎఫ్‌లతో ఇట్టే నిండుతుంది. ఫైళ్ల సింక్ ఆపేయండి, రిఫరెన్సుల సింక్ కొనసాగుతుంది.