చెక్కా, రేకా, ఫైబర్‌గ్లాసా, ఫోమ్ ప్యానెలా: చిన్న షెడ్డులో ట్రైలర్ కట్టేవాళ్లకు ఏది మేలు?

మా బావమరిది టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ట్రావెల్ ట్రైలర్లు కట్టి అమ్ముతానంటున్నాడు. క్యారవాన్ అనగానే మనకు షూటింగుల దగ్గర హీరోల కోసం నిలబెట్టే బస్సు గుర్తొస్తుంది. ఇది అది కాదు. దీనికి ఇంజిన్ ఉండదు. పికప్ వెనకో ఎస్‌యూవీ వెనకో తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. అమెరికాలో అమ్ముడయ్యే వాటిలో చాలా భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. ధరలో వాళ్లతో పోటీ పడితే ఇద్దరు మనుషుల షెడ్డు నిలవదు. నిలిస్తే గిలిస్తే "మీకు కావలసినట్టు కట్టిస్తాం" అన్న ఒక్క మాట మీదే నిలవాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఛాసిస్ తీసుకెళ్లి లారీ బాడీ కట్టించుకున్నట్టన్నమాట.

"బావా, బాడీ దేంతో కట్టమంటావ్?" అని అడిగాడు. నేను గ్యారేజీలో రెండు కట్టాను. ఒకటి బాగానే ఉంది, రెండోది ఉరిసింది. ఉరిసినదాని వల్లే నా సలహాకు కాస్త విలువ వచ్చిందనుకుంటాను.

అందరూ చెక్కతోనే మొదలుపెడతారు, తప్పు లేదు. టియర్‌డ్రాప్ అనే కన్నీటిచుక్క ఆకారపు బుల్లి ట్రైలర్లను అమెరికన్లు 1930ల నుంచి ఇంటి దగ్గరే కట్టుకుంటున్నారు. లోపల పడక, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు, అంతే. పక్కగోడలు ప్లైవుడ్, పైన అల్యూమినియం రేకు. రంపం, డ్రిల్, నాలుగు క్లాంపులు ఉంటే పని మొదలైపోతుంది. పొరపాటు చేస్తే ఇంకో ముక్క అతికించుకోవచ్చు. కస్టమర్ సగం పనయ్యాక వచ్చి "కిటికీ ఒక జానెడు వెనక్కి జరపండి" అన్నా గుండె ఆగిపోదు. చేతికి లొంగే విషయంలో చెక్కను మించింది లేదు.

దానికి శత్రువు నీళ్లు. నా రెండో ట్రైలర్‌లో రూఫ్ వెంట్ చుట్టూ సీలెంట్ శ్రద్ధగానే పట్టించాను. రెండు చలికాలాలు గడిచాక ఒకరోజు లోపల పడుకుని పైకప్పు మీద వేలు పెట్టి నొక్కితే ప్లైవుడ్ తడిసిన అట్టలా లోపలికి పోయింది. కారణం తర్వాత లెక్కవేసుకుంటే తేలింది. 5 మీటర్ల అల్యూమినియం రేకు 40 డిగ్రీల సెల్సియస్ తేడాకు దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. కింద ఉన్న చెక్క అందులో మూడో వంతు కూడా సాగదు. ఎండకూ చలికీ రెండూ రోజూ ఒకదాన్నొకటి లాక్కుంటుంటే మధ్యలో సీలెంట్ చీలిపోతుంది, నీళ్లు స్క్రూ రంధ్రాల్లోంచి దిగుతాయి. బయటికి ఏమీ కనపడదు. నా సొంత బండి కాబట్టి తిట్టుకుంటూ బాగుచేసుకున్నాను. అదే 800 మైళ్ల అవతల ఉన్న కస్టమర్ బండి అయితే? వారంటీ పేరుతో అది షెడ్డుకు తిరిగొచ్చిందంటే ఆ నెల లాభం పోయినట్టే. పెద్ద ఫ్యాక్టరీలు కూడా సన్న చెక్క ఫ్రేము మీద రేకు కొట్టి అమ్ముతుంటాయి గానీ, ఆ దెబ్బ తట్టుకునే పర్సు వాళ్లకుంది.

పూర్తిగా అల్యూమినియంతో కట్టడం గురించి ఎక్కువ చెప్పను. వాలీ బయామ్ 1931లో మొదలుపెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ పేరు వినే ఉంటారు. 1936 నాటి వాళ్ల క్లిప్పర్ మోడల్ దగ్గర్నుంచి రివెట్లు కొట్టిన వెండి రంగు బాడీ అంటే ఆ కంపెనీయే గుర్తొస్తుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో కట్టడం అంత నరకం. విమానాలకు కొట్టినట్టు ఒక్కో రివెట్‌కు బయట ఒకరు, లోపల ఒకరు నిలబడాలి. పైగా అల్యూమినియం పక్కటెముకల గుండా చలి నేరుగా లోపలికి వస్తుంది, తెల్లారేసరికి గోడలకు చెమట పడుతుంది. మా వాడి దగ్గర ఉన్నది వాడూ, ఇంకో కుర్రాడూ. వద్దన్నాను.

ఫైబర్‌గ్లాస్ దగ్గర మాత్రం మనసు ఊగింది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో బోలర్ అనే 13 అడుగుల ట్రైలర్ వచ్చింది. గుడ్డును అడ్డంగా కోసినట్టు పైచిప్ప ఒకటి, కిందిచిప్ప ఒకటి అచ్చులో పోసి, నడుం దగ్గర కలిపేస్తారు. ఉరవడానికి పైకప్పులో అతుకే లేదు. మిన్నెసోటాలో స్కాంప్, టెక్సాస్‌లో కసీటా అదే దారిలో నడిచాయి. యాభై ఏళ్ల నాటి బోలర్లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. నీళ్ల విషయంలో దీనికి సాటి లేదు.

కానీ అచ్చు చేయాలంటే ముందు అసలు సైజులో నమూనా చెక్కి, అద్దంలా నునుపు చేసి, దాని మీద అచ్చు తీయాలి. ఒక్క ట్రైలర్ అమ్మకముందే నెలల పని, అప్పు. పనిచేసేటప్పుడు రెసిన్‌లోంచి వచ్చే స్టైరీన్ అనే రసాయనం వాసనకు గాలి బయటికి లాగే ఏర్పాటు లేకపోతే మనుషులకూ ఇబ్బంది, పక్క షెడ్డు వాడితోనూ గొడవ. అన్నిటికీ మించి, అచ్చు పూర్తయిన రోజు నుంచి ప్రతి కస్టమర్‌కూ అదే గుడ్డు అమ్మాలి. లోపల అరలు మార్చొచ్చు, కుషన్ల రంగు మార్చొచ్చు. పొడవు మార్చలేవు. ఆటోనగర్ మేస్త్రీ "అందరికీ ఒకటే బాడీ" అంటే వాడి దగ్గరకు ఎవరు పోతారు?

ఇక మిగిలింది ఫోమ్ ప్యానెల్. మధ్యలో గట్టి ఫోమ్, రెండు వైపులా పలచటి ఫైబర్‌గ్లాస్ పొర, మొత్తం ఒకే పలకలా అతికి వస్తుంది. చల్లదనం కోసం పెట్టిన పొరే గోడగా కూడా నిలబడుతుంది. లోపల కుళ్లడానికి చెక్క లేదు. పొడవు 12 అడుగులా 17 అడుగులా అన్నది కోతలో తేలిపోతుంది, అచ్చు అక్కర్లేదు. మూలల్లో అల్యూమినియం పట్టీలు, గట్టి జిగురు. ఒంపులు రావు, పెట్టెలా ఉంటుంది. అందం కోసం వచ్చేవాళ్లు టియర్‌డ్రాప్ వైపే చూస్తారు, వాళ్లను పోనివ్వాల్సిందే.

దీని తిప్పలు దీనికున్నాయి. ఫోమ్‌లో స్క్రూ పట్టదు. పైఅర ఎక్కడ వేలాడాలో, టీవీ ఎక్కడ బిగించాలో ముందే తేల్చుకుని, అక్కడ లోపల గట్టి ముక్క పెట్టించి ప్యానెల్ ఆర్డరివ్వాలి. జానెడు వెనక్కి జరపమనే కస్టమర్ ఇక్కడ కుదరడు. కిటికీ రంధ్రం తప్పు చోట కోస్తే ఆ గోడ మొత్తం పోయినట్టే. కోసిన అంచును మూయకుండా వదిలేస్తే అక్కణ్నుంచి నీళ్లు దూరి, చలికి గడ్డకట్టి, పొరను ఫోమ్ నుంచి ఊడదీస్తాయి. సరుకు ఖర్చు ప్లైవుడ్ కన్నా చాలా ఎక్కువ. అయితే ఆ ఖర్చు మొదట్లోనే కనపడుతుంది, రెండేళ్ల తర్వాత వారంటీ రూపంలో రాదు. అందుకే నా ఓటు దీనికే. టియర్‌డ్రాప్ ఎవరైనా కావాలని అడిగితే చెక్కతో కట్టొచ్చు, అదీ స్క్రూ రంధ్రాలన్నిటికీ ఎపాక్సీ అనే గట్టి జిగురు పట్టించాకే.

బాడీ ఏదైనా మారని పనులు కొన్ని ఉన్నాయి. అమ్మడానికి కట్టే ప్రతి ట్రైలర్‌కూ 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య), ఫెడరల్ రూల్స్ ప్రకారం లైట్లు, రిఫ్లెక్టర్లు, బరువు రాసిన లేబుల్ ఉండాలి, తయారీదారు అమెరికా రహదారి భద్రతా సంస్థ (NHTSA) దగ్గర నమోదు కావాలి. బ్రేకులు ఎంత బరువు నుంచి తప్పనిసరి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఈ కాగితాల టెన్షన్ మా వాడికి అలవాటే, హెచ్1బీ చూసినవాడు.

వాడికి అలవాటు లేనిది బరువు లెక్క. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ముందు బండికి తగిలించే కొక్కెం మీద పడాలి. తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. వాడు గీసి పంపిన 14 అడుగుల డ్రాయింగులో 30 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు యాక్సిల్‌కు (చక్రాల ఇరుసుకు) 5 అడుగులు వెనక ఉంది. నీళ్లే 250 పౌండ్లు. యాక్సిల్ నుంచి హిచ్‌కు 12 అడుగుల దూరం. ట్యాంకు నింపగానే హిచ్ మీద బరువు నూరు పౌండ్లకు పైగా తగ్గిపోతుంది. మొత్తం 3,500 పౌండ్ల బండికి కనీసం 350 ఉండాల్సింది, వాడి లెక్కలో 400 ఉన్నది 300కు దిగువకు పడిపోయింది.

ట్యాంకును యాక్సిల్ మీదికి జరపమని చెప్పాను. "అయితే మంచం కింద అర పోతుంది బావా" అన్నాడు. పోనీ అన్నాను. గోడలకు ప్యానెల్ ఆర్డర్ పెట్టే ముందు మారిన డ్రాయింగు పంపుతానన్నాడు, ఇంకా రాలేదు.