గడ్డం బల్లికి యూవీబీ ట్యూబ్‌లైట్: లైటుకి ఓకే, షాపు సలహాకి సున్నా

కెనడా వెళ్తున్న కొలీగ్ తన నాలుగేళ్ల బియర్డెడ్ డ్రాగన్‌ని మాకిచ్చేశాడు. దానికోసం టోలీచౌకిలో ఒక పెట్ షాపులో ఈ యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ట్యూబ్ కొన్నాను. లైటు బాగుంది. వీరయ్య (మా బల్లి పేరు) ఇప్పుడు గడ్డం నల్లగా చేసుకోవడం (చిరాకుకి గుర్తు) తగ్గించి, రాయెక్కి నోరు తెరుచుకుని కూర్చుంటున్నాడు (ఒంటికి వేడి చాలిందని అర్థం).

షాపాయన మాత్రం తొట్టికి అద్దం మూత వేసి, దానిమీద లైటు పెట్టుకోమన్నాడు. అద్దం యూవీబీని ఆపేస్తుంది, ఇంకెందుకండీ లైటు? పైగా ఇసుక అంటగట్టబోయాడు. మేతతో పాటు మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. వేడి బల్బు విడిగా కొనుక్కోవాలి: ఎండ కాచుకునే చోట 40 డిగ్రీలు, అవతలి మూల 26 ఉంటే చాలు. మే నెల హైదరాబాద్‌లో ఆ చల్లటి మూలే టెన్షన్, ఏసీ వేయాల్సిందే. ట్యూబ్ వెలుగుతూనే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చాలి. బాక్సు మీద ఆ ముక్కే లేదు. ఒక స్టార్ కట్.