కథల యంత్రం కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి, ఆ స్టేటస్‌లో ఉన్నది మా క్లాసే

కథల యంత్రం, అంటే బటన్ నొక్కితే కథకు ఐడియా ఇచ్చే ప్రోగ్రాము, అమ్ముతానంటూ తిరుగుతున్న ఆయన స్టేటస్ మీలో చాలామంది చూసే ఉంటారు. క్లాసులో పిల్లలు బెంచీలెక్కి, చేతులెత్తి కేకలు పెడుతున్న ఫోటో. కింద 'నల్లగొండ జిల్లా ప్రభుత్వ బడిలో మా స్టోరీ ఐడియా జనరేటర్‌కు అద్భుత స్పందన' అని రాసుంది. ఆ క్లాసు మాది. ఆ పిల్లలు మా ఏడో తరగతి. వాళ్లు కేకలు పెట్టింది యంత్రం బాగుందని కాదు, దాని దొంగతనం పట్టుకున్నందుకు. పైగా ఆ ఫోటో ఆయన తీసింది కూడా కాదు. 'చూడవయ్యా, నీ సరుకు ఇట్లుంది' అని నేను పంపిన వీడియోలోంచి కోసుకున్న ముక్క.

పొద్దున ఏడింటికి చూశాను. ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది, ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆయన పేరు రాయను. రాస్తే లాయర్ నోటీసు అంటాడు, ఆ తలనొప్పి నాకెందుకు. టీచర్లకు, చిన్న చిన్న ఆటలు తయారుచేసేవాళ్లకు యాప్‌లు చేసిస్తానని మెసేజ్‌లు పెడుతుంటాడు కదా, ఆయనే. తెలిసినవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

సంగతి క్లుప్తంగా ఇది. శనివారం చివరి రెండు పీరియడ్లు పిల్లలతో కథలు రాయిస్తాను. 'ఏదైనా కథ రాయండ్రా' అంటే ముప్పై రెండు మందీ పేదరైతు, రాజుగారు, ఏడు చేపల దగ్గరే ఆగిపోతారు. బటన్ నొక్కితే ఒక మనిషి, ఒక చోటు, ఒక వస్తువు, ఒక చిక్కు పైకొచ్చే ఆట కావాలనుకున్నాను. ఆ నాలుగింటినీ కలిపి కథ అల్లుకోవాలి. ఆరున్నర వేలు అన్నాడు. మూడు వేలు ముందు, మిగతా మూడున్నర వేలు చేతికిచ్చాక.

మాటలు నేనే రాసిచ్చాను. సెలవుల్లో కూర్చుని, మా అత్తమ్మను అడిగి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లను అడిగి నోటుబుక్కులో ఒక్కో రకానికి యాభై చొప్పున రెండు వందల మాటలు పోగేశాను. బోరు బండి డ్రైవరు, బత్తాయి తోట కాపలాదారు, మంత్రసాని, ఆర్టీసీ కండక్టరు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, దేవరకొండ ఖిల్లా, చెరువుగట్టు మెట్లు, సాగర్ గేట్లు, పాలమూరు పిల్లలమర్రి. మన పిల్లలు మన ఊళ్ల మీద కథ రాయాలని నా తాపత్రయం. ఆ పేజీలన్నీ ఫోటోలు తీసి పంపాను. 'సూపర్ మేడం, అరవై లక్షల కథలు వస్తాయి మేడం, ఇండియాలోనే ఫస్ట్ మేడం' అన్నాడు. ఒక్క మెసేజ్‌లో మూడు మేడంలు. ఈ మేడం సంగతి గుర్తుపెట్టుకోండి.

లాప్‌టాప్‌లో వేసిచ్చాడు. మా పెదనాన్నగారి ఇంట్లో పెళ్లి హడావుడిలో ఉన్నాను. రెండుసార్లు నొక్కి చూసి మిగతా డబ్బు కొట్టేశాను. రెండుసార్లు! సంతలో వంకాయలు కొనేటప్పుడు కూడా పది తిప్పి చూస్తాను.

అప్పుడే నా కళ్లెదుటే ఒక గుర్తు కనిపించింది. యంత్రం 'ఇల్లు లో పగిలిన అద్దం దొరికింది' అని చూపించింది. ఇల్లు లో! పంతొమ్మిదేళ్లుగా తెలుగు చెబుతున్నదాన్ని. ఇంకెవరైనా రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. అడిగితే 'మిషన్‌కు తెలుగు అంతే వస్తది మేడం' అన్నాడు. సరే అన్నాను. ఆ సరే అన్న నోటిని ఏం చెయ్యాలో నాకే తెలియడం లేదు.

మొదటి శనివారం బాగానే గడిచింది. ఇద్దరికొకటి చొప్పున పదహారు సార్లు నొక్కాం. బోరు బండి డ్రైవరే మూడుసార్లు వచ్చాడు కానీ యాదృచ్ఛికం అంటే అంతేలే అనుకున్నాను.

అసలు కథ రెండో శనివారం. లాప్‌టాప్‌ను గోడమీది పెద్ద ప్యానెల్‌కు తగిలించి మొదటిసారి నొక్కాను. బోరు బండి డ్రైవరు, ఛాయా సోమేశ్వరాలయం, సద్దిగిన్నె, నీడ మాయమైంది. 'మేడం, మొన్న మాకొచ్చింది ఇదే' అని వెనక బెంచీ పిల్లలు. చాన్సులే అన్నాను. రెండోసారి నొక్కాను. అదీ మొన్నటిదే. అప్పుడు రెండో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. ప్రతిదీ నోటుబుక్కులో ఎక్కించుకునే పిల్ల. నా చేయి ఇంకా బటన్ మీదికి పోనేలేదు, పుస్తకం తెరిచి చదివింది: 'ఇప్పుడు కండక్టరు వస్తడు మేడం. దేవరకొండ ఖిల్లా. పాత తాళం. ఒకరి పేరు ఊరంతా మర్చిపోయిన్రు.'

నొక్కాను. కండక్టరు వచ్చాడు. దేవరకొండ ఖిల్లా వచ్చింది. తాళం వచ్చింది. ఊరంతా పేరు మర్చిపోయింది.

ఒక్క క్షణం క్లాసు నిశ్శబ్దంగా అయింది. ఆ తరువాత ఒకటే గోల. అక్కడినుంచి ఆ పిల్ల ముందు చదవడం, నేను నొక్కడం, యంత్రం ఒప్పుకోవడం. కోయదొర జోస్యం చెప్పినట్టే ఉంది. ఐదోదాని నుంచి ఫోన్‌లో వీడియో తీశాను, పదహారుకు పదహారూ అదే వరసలో వచ్చాయి. పిల్లలు బెంచీలెక్కింది అప్పుడే. మీరు స్టేటస్‌లో చూసిన 'అద్భుత స్పందన' అదే.

సాయంత్రం వీడియో పంపి ఫోన్ చేశాను. ఎత్తగానే, 'చెప్పండి ఆంటీ.'

మేడం పోయింది. మూడున్నర వేలు ఖాతాలో పడేదాకా మేడంను, పడ్డాక ఆంటీని. ఇన్నేళ్లలో నన్ను పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, పాత విద్యార్థులు రకరకాలుగా పిలిచారు, ఏ పిలుపూ ఇట్లా గుచ్చుకోలేదు. సరే, అది మింగి విషయం చెప్పాను.

'ర్యాండమ్ అంటే అర్థం తెలుసా ఆంటీ? ఏదైనా రావచ్చు. పాతది కూడా రావచ్చు.'

'పదహారుకు పదహారు, అదే వరసలో వస్తాయా?'

'వస్తే వస్తాయి, లక్కు. మీరు తీసుకుంది బేసిక్. ఫుల్ ర్యాండమ్ కావాలంటే ప్రో తీసుకోండి, ఇంకో రెండు వేలు.'

ర్యాండమ్‌లో కూడా బిర్యానీలాగ హాఫ్ ప్లేటు, ఫుల్ ప్లేటు ఉంటాయని నాకు తెలియదు మరి.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆదివారం వచ్చి ఆ ఫైలు తెరిచాడు. రెండు నిమిషాలు చూసి నవ్వడం మొదలుపెట్టాడు. 'చిన్నమ్మా, ఇక్కడ సీడ్ 42 అని పెట్టి మర్చిపోయాడు.' వాడు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. మామూలు ప్రోగ్రాముల్లో కంప్యూటర్ నిజంగా పాచికలు వెయ్యదు. ఒక అంకెతో మొదలుపెట్టి, దానిమీద లెక్కలు చేసుకుంటూ చూడ్డానికి చిందరవందరగా కనిపించే అంకెల వరసను పుట్టిస్తుంది. ఆ మొదటి అంకెనే సీడ్ అంటారు. మామూలుగా అది ప్రతిసారీ మారుతుంది, గడియారంలోని టైమునుంచో కంప్యూటర్ లోపలినుంచో తీసుకుంటుంది. పరీక్షించేటప్పుడు ప్రతిసారీ ఒకే ఫలితం రావాలని దాన్ని ఒక అంకెకు కట్టేస్తారు, పనైపోయాక విప్పేయాలి. మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లల్ని అడగండి, ఒకే వెర్షన్‌లో ఒకే సీడ్ కొడితే అదే ప్రపంచం మళ్లీ వస్తుందని వాళ్లే చెప్తారు. సీడ్ అంటే విత్తనమేగా. నకిలీ విత్తనాల సంగతి మన జిల్లాకు ఎవరైనా కొత్తగా చెప్పాలా?

ఆ లైను ముందు మావాడు ఒక హ్యాష్ (#) గుర్తు పెట్టాడు. ఆ లైను పనిచేయడం మానేసింది, యంత్రం మామూలైంది. ప్రో వెర్షన్ అంటే ఆ గుర్తు. ఖరీదు రెండు వేలు.

లక్కు అన్నాడు కదా, ఆ లెక్క కూడా మావాడితోనే వేయించాను. అసలు యంత్రంలో మాటలు ఎన్నున్నాయో చూస్తే ఒక్కో రకానికి పది. నేను రాసిచ్చిన రెండు వందల్లో ఒక్కో జాబితాకు మొదటి పేజీ మాత్రమే టైపు చేశాడు, మిగతా నూట అరవై మాటలు నా నోటుబుక్కులోనే ఉన్నాయి. పదిని నాలుగుసార్లు హెచ్చిస్తే 10,000 కలయికలు. ఫలానాదే వస్తుందని ముందే చెప్పి, అదే రావడం పదివేలకు ఒకసారి. వరసగా మూడుసార్లు అంటే లక్ష కోట్లకు ఒకసారి. పదహారుసార్లు అంటే ఒకటి పక్కన 64 సున్నాలు. అంత లక్కున్న మనిషి మూడున్నర వేల కోసం నన్ను మూడుసార్లు మేడం అని ఎందుకు పిలిచినట్టు?

ఇంకో మోసం ఏమిటంటే ఆ 'అరవై లక్షల కథలు'. యాభైని నాలుగుసార్లు హెచ్చిస్తే 62,50,000, ఆ లెక్క నిజమే. కానీ పిల్లలు కలయికలు లెక్కపెట్టరు, 'మళ్లీ బోరు బండి డ్రైవరేనా' అంటారు. జాబితాలో పదిమంది మనుషులే ఉంటే, ఐదుసార్లు నొక్కేలోపు ఎవరో ఒకరు రెండోసారి వచ్చే అవకాశం వందకు 70. యాభైమంది ఉంటే 19 కూడా ఉండదు. లక్షలు, కోట్లు అని ఎవరైనా చెబితే జాబితాలో ఎన్ని మాటలున్నాయో అడగండి, అంతే.

తెలుగు సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లిష్ యంత్రంలో మాట పక్కన మాట పెడితే చాలా వరకు నడిచిపోతుంది. మనకు నడవదు. ఇల్లు ఇంట్లో అవుతుంది, ఊరు ఊళ్లో అవుతుంది, రాయి రాతి అవుతుంది, చేయి చేతి, నోరు నోటి. బడిలో ఔపవిభక్తికాలు అని బట్టీ పట్టాం కదా, అవే. కాబట్టి ప్రతి మాట పక్కన రెండో గడిలో దాని మారిన రూపం కూడా ఎక్కించి ఉంచాలి. ఆడ మనిషా, మగ మనిషా అన్నది మూడో గడి. లేకపోతే 'మంత్రసాని వచ్చాడు' అంటుంది, అన్నది కూడా. ఇదంతా రాసిస్తే ఒక పూట పని. ఆయనకు తట్టలేదు సరే, తెలుగు పండితురాలిని, నాకు తట్టాలి కదా.

ప్రస్తుతానికి మనుషులకు, చోట్లకు, వస్తువులకు మూడు సద్దిగిన్నెల్లో చిట్టీలు వేసి ఆడిస్తున్నాను. తీసిన చిట్టీ మళ్లీ గిన్నెలో వెయ్యం, అందుకే గిన్నె ఖాళీ అయ్యేదాకా ఏ మాటా రెండోసారి రాదు. మావాడు ప్రోగ్రాములో కూడా అదే పద్ధతి పెడతానన్నాడు, పేకముక్కలు కలిపి వరసగా తీసినట్టు. చిక్కుల గిన్నెకు బదులు మా అత్తమ్మ అష్టాచమ్మా గవ్వలు నాలుగు తెచ్చాను. గవ్వలు అటూ ఇటూ సమానంగా పడతాయనుకుంటే రెండు వెల్లకిలా పడటం పదహారుకు ఆరుసార్లు, అష్టా, అంటే నాలుగూ బోర్లా పడటం, పదహారుకు ఒక్కసారి. అందుకని రెండు పడితే మామూలు గొడవ, అష్టా పడితే దయ్యం. దయ్యం ఎప్పుడో ఒకసారి వస్తేనే కదా భయం. అష్టా కోసం పిల్లలు గవ్వలను బతిమాలుతుంటే చూడాలి. నా ఆరున్నర వేలకు ఆ యంత్రం ఒక్కరోజు కూడా ఈ సందడి తేలేదు. ఆ బెంచీలెక్కిన రోజు తేలేదా అంటారా, అది వేరే లెక్క.

డబ్బు పోయింది, పోనీ. నేను బుద్ధిలేక పంపిన వీడియోలో పిల్లల మొహాలున్నాయి. వాటిని ఆయన ప్రకటనకు వాడుకున్నాడు. హెచ్ఎం గారు పొద్దున్నే పిలిచి, 'ఏంటమ్మా ఇది, తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి?' అన్నారు. నా దగ్గర జవాబు లేదు. సాక్ష్యం పంపానని నేను అనుకున్నాను, ఆయనకేమో ఫ్రీగా యాడ్ దొరికింది.

కొనేవాళ్లు మిగతా డబ్బు ఇచ్చేముందు మొదటి మూడు ఫలితాలు రాసుకుని, యంత్రాన్ని మూసి, మళ్లీ తెరిచి అవే వస్తున్నాయేమో చూడండి. ఇల్లు, ఊరు, రాయి అని మాటలిచ్చి ఏం వస్తుందో చూడండి. అసలు ఫైలు చేతికివ్వమనండి. పిల్లలు కనిపించే వీడియో మాత్రం ఎవరికీ పంపకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు రేపు చేస్తాను, బిల్లు లేదు కాబట్టి ఏమంటారో చూడాలి. బిల్లు అడగలేదు, అవును, అదీ నేనే.

ఫోటో తీసేయమని పొద్దున్నుంచి నాలుగుసార్లు మెసేజ్ పెట్టాను. ఇందాక జవాబొచ్చింది: 'మీ బడికి ఫ్రీ పబ్లిసిటీ కదా మేడం. మీ తోటి టీచర్లకు కూడా మా గురించి చెప్పండి మేడం.'

చెప్తున్నాను.