ఆటపాక గట్టు మీద రెండు ఉదయాలు

ఉదయం ఐదున్నరకి కెమెరా బ్యాగు భుజాన వేసుకుని కిందికి దిగితే లాడ్జి గేటుకి తాళం. కైకలూరులో ఆ గదికి 1,400 ముందే కట్టించుకున్నారు. కొల్లేరు దగ్గర ఆటపాకలో పక్షుల ఫొటోలు తీయడానికి తెల్లవారుజామునే వెళ్లాలని రాత్రి రెండుసార్లు చెప్పాను. "మీరు లేవడమే ఆలస్యం సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు. మా ఆవిడ గేటు పట్టుకుని ఎంత ఊపినా ఒక్కరూ రాలేదు. ఏడుంపావుకి ఆ కుర్రాడే తాళం తీసి, "పక్షులెక్కడికి పోతాయమ్మా?" అన్నాడు.

పక్షులు పోవు, వెలుగు పోతుంది. జనవరిలో ఆరున్నర దాటాక లేచే సూర్యుడి ఏటవాలు ఎండ కోసమే సెలవు పెట్టి వచ్చాను. ఆ ఎండ గంటసేపు కూడా ఉండదు.

ఎనిమిదింటికి ఆటపాక చేరాం, ఆటోకి 80. ఆ రోజు మొదట తీసిన ఫొటోల్లో గూడబాతుల (పెలికాన్ల) రొమ్ములన్నీ సున్నం కొట్టినట్టే వచ్చాయి. మా ఆవిడ స్క్రీన్ చూసి "ఈకలేవీ?" అంది. పొద్దుటి కోపం ఇంకా తగ్గలేదు తనకి. కానీ ఆ ప్రశ్న సరైనదే. వెనక నీళ్లు నల్లగా ఉంటే కెమెరా మోసపోయి తెల్లపిట్టను ఇంకా తెల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుగు, మైనస్ 0.7కి దించాక ఒక్కో ఈక విడివిడిగా కనిపించింది. ఎగిరేవాటికి షట్టర్ వేగం 1/1600 సెకను కంటే తగ్గించకండి.

మధ్యాహ్నం మెస్సులో కొర్రమీను పులుసుతో భోజనం, మనిషికి 180. దానికోసమైనా మళ్లీ వెళ్తాను. సాయంత్రం లాడ్జి మార్చాం. 1,100 గది, చిన్నదే, కానీ గేటు తాళంచెవి రాత్రే మా చేతిలో పెట్టారు. కొల్లేరు వెళ్లే ఫొటోగ్రాఫర్లు ఏసీ సంగతి తర్వాత, ముందు గేటు సంగతి అడగండి.

రెండో రోజు ఆరుంబావుకల్లా గట్టు మీద ఉన్నాం. గూళ్లకు చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. ఇనుము పడుతోందని మొదట ఫ్రేము పక్కకి జరిపాను. తర్వాత మానేశాను, వాటి ఇల్లు అదే కదా. ఎండ తాకగానే ఎర్రకాళ్ల కొంగల వెనక ఈకల్లో గులాబీ రంగు తేలింది. పక్క స్టాండు మీద గూడబాతు పిల్ల ఒకటి తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసింది. మెడ వరకూ లోపలే. తల్లి ఒళ్లంతా ఊగిపోతున్నా కాళ్లు కదపలేదు. నా 70-300 ఎంఎం జూమ్ లెన్సుకి అది చిన్నగానే అందింది, క్రాప్ చేయక తప్పలేదు.

తొమ్మిదింటికి ఆటో వచ్చి హారన్ కొట్టింది. అప్పటికి కెమెరా మా ఆవిడ చేతిలో ఉంది. "ఇంకో పిల్ల కూడా నోరు తెరిచింది, ఉండమనండి" అంది.