భోగిపళ్ళు పడేంతలో: మా ఇంట్లో 35 ఎంఎం లెన్స్

మా హాలు పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఒక గోడకు సోఫా, ఎదురు గోడకు టీవీ, పైన ఒక ట్యూబులైటు. లెన్స్ గురించి రాస్తానని గది కొలతలు చెబుతున్నాడేమిటి అనుకోకండి. టేపు పట్టుకుని ఈ కొలతలు ముందే చూసుకుని ఉంటే నాకు ఒక లెన్స్ డబ్బు మిగిలేది.

కెమెరా మా అబ్బాయిది, నికాన్ డి3400. వాడు ఫోనుకు అలవాటుపడి దీన్ని బీరువాలో పడేస్తే, మనవరాలు పుట్టాక నేను బయటికి తీశాను. విద్యుత్ శాఖలో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యాను కాబట్టి అంకెలంటే భయం లేదు. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ (18 నుంచి 55 ఎంఎం దాకా తిప్పుకునే జూమ్, ఈ అంకె పెరిగేకొద్దీ ఫొటోలో పట్టే వెడల్పు తగ్గుతుంది) పగటిపూట వాకిట్లో ఏ లోటూ చేయదు. దీపాలు పెట్టే వేళ ఇంట్లోకి తెస్తేనే తంటా.

పాపకు పదకొండో నెలలో భోగి వచ్చింది. సాయంత్రం పీట మీద కూర్చోబెట్టి రేగిపళ్ళు, చేమంతి రేకులు, చిల్లర, నానబెట్టిన శనగలు కలిపి తల మీద పోశారు. ఆటోలో పెట్టి నొక్కాను. ఫ్లాష్ టక్కున లేచి వెలిగింది. పిల్ల ముఖం సున్నం కొట్టిన గోడలా తేలింది, వెనక అసలు గోడ మీద నల్లటి నీడ పడింది. ఫ్లాష్ ఆపి తీస్తే, వెలుతురును లోపలికి వదిలే తలుపు లాంటి షట్టర్ 1/15 సెకనుకు దిగిపోయింది. తలకు అడుగు పైనుంచి జారిన రేగిపండు తలను తాకే సమయానికి ఆ 1/15 సెకనులో సుమారు ఆరంగుళాలు ప్రయాణిస్తుంది. ఫొటోలో పళ్ళు లేవు, ఎర్రటి గీతలున్నాయి. పాప కళ్ళు మూసి తెరిచింది కాబట్టి రెప్పలూ రెండు జతలు.

ఆ లెన్స్‌లో చేతి వణుకును ఆపే ఏర్పాటు ఉంది, వీఆర్ అంటారు. అది నా వణుకును ఆపుతుంది గానీ పిల్ల కదలికను ఆపలేదు. ఇంట్లో ఫొటోలకు లెన్స్ కొనేవాళ్ళు చాలామంది ఇక్కడే పొరబడతారు. కదిలే పిల్ల నిలవాలంటే షట్టర్ వేగం పెరగాలి, దానికి వెలుతురు ఎక్కువ రావాలి. ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్స్ లోపలి రంధ్రం పెద్దదవుతుంది. 18-55ను 55 దగ్గర పెడితే అది ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. 1.8 లెన్స్ అయితే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది. 1/15 కాస్తా 1/125 దాటుతుంది.

ఇంతవరకు నా లెక్క సరిగ్గానే ఉంది. తప్పు తర్వాత జరిగింది. అందరూ 50 ఎంఎం ఎఫ్ 1.8 చవక, మంచిది అంటారు కదా అని ఒక దుకాణానికి వెళ్ళాను. "సార్, ఇది ఏ నికాన్‌కైనా పట్టేస్తుంది" అని 50 ఎంఎం 1.8డి చేతిలో పెట్టాడు. పట్టింది, అందులో అబద్ధం లేదు. ఇంటికొచ్చి బటన్ నొక్కితే ఫోకస్ మాత్రం కదలదు. ఈ డి రకం లెన్స్‌లో మోటారు ఉండదు, కెమెరా లోపలి మోటారే దాన్ని తిప్పాలి. డి7000 వరుస కెమెరాల్లో ఆ మోటారు ఉంది, డి3400, డి5600 లాంటి వాటిలో లేదు. పైగా లెన్స్ మీది రింగును 22 దగ్గర పెట్టి తాళం వేయకపోతే తెర మీద ఎఫ్‌ఈఈ అనే అక్షరాలు మెరుస్తాయి, ఫొటో పడదు. ఆ అక్షరాల అర్థం తెలుసుకోవడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. నికాన్ లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి ఉందో లేదో చూసుకోండి. ఉంటే మోటారు అందులోనే ఉన్నట్టు.

పోనీలే, చేత్తో తిప్పుకుందాం అనుకున్నాను. పాప మొదటి పుట్టినరోజుకు హారతి ఇస్తుంటే కన్ను చిట్లించి రింగు తిప్పుతూ కూర్చున్నాను. "ఏమండీ, కర్పూరం ఆరిపోతోంది, ఇంకా ఎంతసేపు?" అని మా ఆవిడ. ఆరిపోయాకే ఫోకస్ కుదిరింది.

అప్పుడే ఇంకో సంగతి కూడా తెలిసింది. నా వీపు టీవీ గోడకు ఆనింది, సోఫాలో నలుగురుంటే ఇద్దరే పట్టారు. డి3400 సెన్సర్, అంటే లోపల బొమ్మ పడే పలక, వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. దూరాన్ని 23.5తో గుణించి లెన్స్ అంకెతో భాగిస్తే ఫొటోలో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. సోఫాలో కూర్చున్న మనిషికీ నాకూ మధ్య ఎనిమిది అడుగులు. 50తో పట్టేది మూడు ముప్పావు అడుగులు, 35తో దాదాపు ఐదున్నర. ఇంత చిన్న లెక్క కొనే ముందు వేయలేదు. ట్రాన్స్‌ఫార్మర్ లోడు లెక్కలు వేసిన చేతులే ఇవి.

ఈసారి కొనేముందు పాత 18-55నే 35 అంకె దగ్గర ఆపి, వారం రోజులు దాన్ని ముట్టుకోకుండా తీశాను. తర్వాత మూడు రోజులు 50 దగ్గర. ఫొటోలు మసకగా వస్తే వచ్చాయి, ఎవరు పడుతున్నారు, ఎవరు తెగిపోతున్నారు అన్నది తెలిసిపోయింది. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ తర్వాతే నికాన్ ఏఎఫ్-ఎస్ డిఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8జి వాడినది ఒకటి, తొమ్మిదిన్నర వేలకు తీసుకున్నాను. 2009లో వచ్చిన లెన్స్, కొత్తదేమీ కాదు. బరువు 200 గ్రాములు. కెమెరాతో కలిపి గంటసేపు మెడలో వేసుకున్నా అరవై రెండేళ్ళ మెడ ఫిర్యాదు చేయలేదు.

ఏడాదిగా కెమెరాకు ఇదే ఉంది. మెచ్చుకునే ముందు దీనితో పడే చిక్కులు చెబుతాను. పూర్తిగా 1.8కి తెరిస్తే ఫోకస్‌లో ఉండే మందం చాలా తక్కువ. మూడడుగుల దూరంలో అది రెండు అంగుళాలైనా లేదు. మా అత్తయ్యగారికి ఎనభై నాలుగు. పాపను ఒడిలో కూర్చోబెట్టుకున్నప్పుడు దగ్గరికెళ్ళి తీశాను. పాప కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, వెనక ముత్తవ్వ ముఖం పాలల్లో ముంచి తీసినట్టుంది. మా కోడలు చూసి, "మామయ్యగారూ, అమ్మమ్మగారు దేవతలా ఉన్నారు, కానీ ఎవరో తెలియడం లేదు" అంది. అప్పటినుంచి ఒకే ఫొటోలో ఇద్దరుంటే రెండడుగులు వెనక్కి జరిగి, 2.8 పెడుతున్నాను. అలా చేస్తే వెలుతురు తగ్గి ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 3200 దాటుతుంది. 3200 వరకు నాకు అభ్యంతరం లేదు. 6400లో మాత్రం గోడల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు ఉంటుంది.

1.8 దగ్గర స్టీలు గ్లాసు అంచులకు, పట్టుచీర జరీకి ఊదా రంగు గీత పడుతుంది. 2.8కి వచ్చేసరికి చాలావరకు పోతుంది. మసక వెలుతురులో కెమెరా కంటిలో కనిపించే ఫోకస్ బిందువుల్లో పక్కవాటితో ఫోకస్ చేస్తే లెన్స్ అటూ ఇటూ వెతుకుతుంది, నడిమి బిందువు వాడితే నయం. కెమెరా ముందు వెలిగే ఫోకస్ దీపాన్ని మెనూలో ఆపేయండి. లేకపోతే పిల్ల దాన్నే చూస్తూ బొమ్మలా ఉండిపోతుంది.

ఇక ట్యూబులైటు సంగతి. ఇది నా శాఖ విషయం కాబట్టి నాలుగు మాటలు ఎక్కువ చెప్పనివ్వండి. మన కరెంటు 50 సైకిళ్ళది. చోకు ఉన్న పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, కంటికి తెలియదు. షట్టర్ 1/200 పెట్టి వరసగా ఐదు తీస్తే రెండు తెల్లగా, మూడు పచ్చగా దిగులుగా వచ్చాయి. లెన్స్ పాడైందని భయపడ్డాను. నిజానికి లెన్స్ తప్పేమీ లేదు, ఒక్కో ఫొటోకు ఆ వెలుగులో ఒక్కో ముక్క దొరికింది. 1/100 పెడితే ఒక పూర్తి ఆటు, పోటు ప్రతి ఫొటోలో పడుతుంది, రంగు నిలుస్తుంది. చౌకరకం ఎల్‌ఈడీ బల్బులతోనూ ఇదే పేచీ. అందుకని మా హాల్లో నా షట్టర్ ఎప్పుడూ 1/100. పరుగెత్తే పిల్లకు అది చాలదు, కూర్చున్న పిల్లకు చాలు.

కానన్ వాళ్ళకు ఒక మాట. 1500డి, 200డి లాంటి వాటిలో సెన్సర్ ఇంకాస్త చిన్నది, 50 ఎంఎం ఇంకా ఇరుకు. 24 ఎంఎం ఎఫ్ 2.8 ఎస్‌టీఎం 125 గ్రాముల బిళ్ళ లాంటి లెన్స్, గది మొత్తం పడుతుంది కానీ వెలుతురు 1.8 లెన్స్‌లో సగం కూడా రాదు. పెద్ద సెన్సర్ కెమెరా ఉన్నవాళ్ళు నిశ్చింతగా 50 కొనుక్కోవచ్చు. అక్కడ అది మా 35 పని చేస్తుంది.

మొన్నటి భోగికి పాప పీట మీద తనంతట తానే కూర్చుంది. ఎఫ్ 2, 1/100, ఐఎస్‌ఓ 1600. నేను టీవీ బల్ల పక్కన నేల మీద కూర్చుని, పాప కంటి ఎత్తుకు కెమెరా పెట్టాను. అత్తయ్యగారి చేతిలోంచి పళ్ళు జారాయి. ఒక్కో పండూ దాని ఒళ్ళంత సాగింది, అంగుళం తోక ఉంది. ఒక శనగగింజ పాప ముక్కు మీద ఆగినట్టే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చేమంతి రేకు జుట్టులో ఇరుక్కుని, దాని కొనన ట్యూబులైటు సన్నని తెల్లగీతగా మెరుస్తోంది. ఎడమ అంచున మా ఆవిడ మోచేయి సగం తెగింది. దానికి నేనింకా మాట పడుతూనే ఉన్నాను.

50 ఎంఎం లెన్స్‌ను మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాను, వాడి దగ్గర డి7200 ఉంది. దాని మీద చక్కగా ఫోకస్ అవుతోందట. 18-55ను అమ్మలేదు. కనుమ నాడు ఎండలో వాకిట్లో పదమూడు మందిని నిలబెట్టి తీసింది దానితోనే.